ఏటేటా పంచిన బండి

ఉపన్యాసాలంటే నాకు ఒళ్లు మంట. మైకు సెట్టూ షామియానా కిరాయికిచ్చి బతికేవాడికి ఆ మంట ఉండకూడదంటారు గానీ, ఏం చేయను, ఉంది. మక్తల్‌లో పెళ్లయినా, ఉర్సయినా, ఎన్నికలయినా, చివరికి చచ్చినవాడి పదకొండో రోజయినా డబ్బా మైకు కట్టేది సోమన్నే. ఆ సోమన్నను నేనే. స్టేజీ పక్కన ఆంప్లిఫయర్ ముందు కూర్చుని నేను విన్నన్ని అబద్ధాలు కోర్టులో జడ్జి కూడా విని ఉండడు. జడ్జి ముందు జనం కనీసం ప్రమాణం చేస్తారు.

ఇది షంషాద్ కథ. కానీ షంషాద్ గురించి చెప్పాలంటే ముందు గుట్ట గురించి చెప్పాలి.

ఎనభైల మధ్యలో వికలాంగులకు ఏదో ఒకటి చేయాలని సర్కారుకు బుద్ధి పుట్టింది. ఎవరైనా సంస్థ పెట్టి బడి నడిపితే గ్రాంటు ఇస్తామంది. ఆ మాట వినగానే మా ఊరి ఐలేశం సారుకు సేవాభావం కలిగింది. అంతకుముందు ఆయనకు కలిగిన భావాలేవీ మాకు తెలియవు. బీఏ చదివి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, బస్టాండు హోటల్లో పేపరు చదువుతూ కూర్చునేవాడు. ఆయన తండ్రి కాటమయ్య ఆ ఏడాదే పోయాడు. బతికుండగా చుట్ట ముట్టించుకోవడానికి పక్కవాడికి నిప్పు కూడా ఇవ్వని మనిషి కాటమయ్య. ఆయన పేరు మీదే ‘కాటమయ్య స్మారక వికలాంగుల పాఠశాల’ వెలిసింది.

బడికి జాగా కావాలి. కాటమయ్య కొడుక్కి భూములకేం తక్కువ లేదు. కానీ కందులు పండే చేను దానం చేయడానికి ఎవరికైనా మనసొప్పుతుందా? ఊరి బయట రాళ్లూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ మొలవని గుట్ట ఒకటి ఉంది. దాన్ని దానం చేశాడు. అలా నడవలేని పిల్లల బడి గుట్టెక్కింది. ముందువైపు రాతిమెట్లు కట్టించి, మెట్ల మొదట్లో తండ్రి పేరుతో కమాను పెట్టించాడు. వెనకవైపు మాత్రం చక్కటి మొరం బాట వేయించాడు, కార్లెక్కడానికి. అతిథులు నడవలేరు కదా!

పిల్లల్ని మెట్ల మీదుగా ఎత్తుకుని తీసుకెళ్లేది ఆయా సాలమ్మ. ఒక్కత్తే. పోలియో పిల్లలూ, చూపు లేని పిల్లలూ, చెవిటి పిల్లలూ అందరూ అక్కడే, ఒకే హాస్టల్లో. బడి ఏడో తరగతి దాకా. చెవిటి పిల్లల గది ముందు పెద్ద ఇత్తడి గంట వేలాడదీశారు. కొట్టినప్పుడల్లా చూపు లేని పిల్లలే లేచి బయటికొచ్చేవారు. దాన్ని చూసి నవ్వినందుకు ఐలేశం సారు నన్నొకసారి “సంస్కారం లేనోడివి” అన్నాడు. ఉంటే ఆ గంట నేనే కట్టేవాణ్నేమో.

షంషాద్‌ను ఆ బడిలో చేర్పించినప్పుడు దానికి ఆరేళ్లు. రెండు కాళ్లూ పోలియోతో పోయాయి. తండ్రి తాజుద్దీన్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఒక భుజం మీద దూది ఏకే విల్లు, ఇంకో భుజం మీద కూతురు. అలా వీధి వీధీ తిరిగేవాడు. విల్లు తీగ మోగగానే పిల్ల కూడా “పరుపులు, మెత్తలు” అని కేకేసేది. ఆ గొంతు విన్నప్పుడే అనుకున్నాను, ఈ పిల్లకు మైకు అక్కర్లేదని.

బడి పెట్టిన కొత్తలో జిల్లా ఆఫీసు నుంచి మూడు చక్రాల బండ్లు నాలుగు వచ్చాయి. సీటు ముందు పెడలు, చేతులతో తిప్పితే చెయిన్ లాగుతుంది, బండి కదులుతుంది. ఎర్ర రంగు, మెరిసే హ్యాండిలు, సీటు మీద ప్లాస్టిక్ కవరు. పిల్లలు వాటి చుట్టూ మూగి ముట్టుకుని ముట్టుకుని చూశారు. వాటిని కాటమయ్య వర్ధంతి నాడు సభ పెట్టి పంచారు. వర్ధంతి జూన్ నెలాఖర్లో వస్తుంది. సభ అయిపోయింది, అతిథి కారెక్కాడు, సాయంత్రం నేను షామియానా విప్పుతున్నాను. ఐలేశం సారు నాలుగు బండ్లనూ స్టోరు గదిలో పెట్టించి తాళం వేశాడు.

“సారూ, గిప్పుడే గదా పంచింది?” అన్నాను ఉండబట్టలేక.

“పంచితే అయిపోతయి గదా సోమన్నా. మళ్ల యేడు ఏం పంచాలె?”

ఆ మాట నన్ను ఆటపట్టించడానికి అన్నాడనుకున్నాను. కాదు. నిజంగానే అన్నాడు. ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. ఐలేశం సారు దొంగ కాదు. దొంగయితే ఆ బండ్లు అమ్ముకునేవాడు, కొన్నవాడైనా నడుపుకునేవాడు. ఈయన వాటిని కాపాడాడు. ఏటా వర్ధంతికి దుమ్ము తుడిపించి బయటికి తీయించడం, అవే బండ్లు, అదే సీటు కవరు, అవే దండలు, ఫొటో దిగడం, మళ్లీ లోపల పెట్టి తాళం వేయడం. అతిథులెవరికీ తెలిసేది కాదు. అధికారులు బదిలీ అవుతారు, నాయకులు ఓడిపోతారు. ఏటా కొత్త మొహమే. పాతవి రెండే, బండి, షంషాద్.

అవును, బండి అందుకునేది ఏటా షంషాదే. మిగతా మూడు ఎవరికో ఒకరికి ఇచ్చేవారు గానీ మొదటి బండి మాత్రం దానిదే. ఎందుకంటే ఫొటోలో బాగా పడుతుంది. పెద్ద కళ్లు, బక్క మొహం. దానికోసం ఒక చిరిగిన గౌను ప్రత్యేకంగా ట్రంకుపెట్టెలో దాచి పెట్టేవారు. దానికి ‘సభ గౌను’ అని పేరు. పొట్టిదయినప్పుడల్లా సాలమ్మ అంచుకు గుడ్డ వేసి కుట్టేది. చిరుగు మాత్రం కుట్టనివ్వలేదు సారు.

సభలో నేను పేరు పిలవాలి. పిలవగానే అది జనం మధ్య నుంచి చేతుల మీద పాకుతూ రావాలి. “జర మెల్లగ రా బిడ్డా, ఫొటో తీసేటాయనకు అందాలె” అని సారు ముందే నేర్పేవాడు. జనం అయ్యో పాపం అనేవాళ్లు. ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకునేవాళ్లు. అతిథి దాన్ని ఎత్తి బండిలో కూర్చోబెట్టేవాడు. అది రెండు చేతులూ జోడించి “మీ దయ సార్” అనేది. ఒక ఏడాది అనేసి, నా వైపు తిరిగి నాలుక బయటపెట్టి వెక్కిరించింది. ఆ ఫొటో పేపర్లో రాలేదు.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. స్వాగత గీతం చెవిటి పిల్లలతో పాడించేవాడు సారు. టేపు నేను పెట్టాలి, పిల్లలు పెదవులు కదపాలి. ఒక ఏడాది పాట మధ్యలో కరెంటు పోయింది. టేపు ఆగింది. పిల్లలకేం తెలుసు? పెదవులు కదుపుతూనే ఉన్నారు, చేతులు ఊపుతూనే ఉన్నారు. ముఖ్య అతిథి ఆ నిశ్శబ్దాన్ని చివరిదాకా విని, లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇంత శ్రావ్యమైన గానం ఈ మధ్య వినలేదని ఉపన్యాసంలో చెప్పాడు కూడా. ఆయన చెప్పిన వాటిలో ఆ ఒక్కటే నిజమనుకుంటాను.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే ఏళ్లు గడిచాయి. తొంభై మూడులో షంషాద్ ఏడో తరగతి పాసయింది. గుట్ట మీద ఇక తరగతుల్లేవు. ఎనిమిది చదవాలంటే ఊళ్లోకి దిగి హైస్కూలుకు పోవాలి. హైస్కూలు ఊరికి ఆ కొసన, తాజుద్దీన్ ఇల్లు ఈ కొసన. ఇంతకుముందయితే తండ్రి భుజం మీద వేసుకుపోయేవాడు. కానీ ఏళ్ల తరబడి దూది దుమ్ము పీల్చి పీల్చి ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. దవాఖానకు తిరిగాడు, గోలీలు మింగాడు. విల్లు మూలన పెట్టి, ఇంట్లోనే కూర్చుని పరుపులు కుడుతున్నాడు.

“దమ్ము ఆడ్తలేదు సోమన్నా. నాలుగడుగులేస్తే ఛాతీ పట్టేస్తాంది. పిల్లనెత్తుకొని యాడికి పోవాలె?” అన్నాడు నాతో. ఆ మాట చెప్పడానికే మూడుసార్లు ఆగాడు.

హైస్కూలు హెడ్మాస్టరు మంచివాడే. పిల్ల చదువుతుంది, సీటిస్తానన్నాడు. అయితే రోజూ రావాలి, రాలేని పిల్ల పేరు రాసుకుని ఏం చేసుకోను, నెలాఖరు దాకా చూస్తాను, ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తాను అన్నాడు. ఆ నెలాఖరే కాటమయ్య వర్ధంతి.

కాబట్టి లెక్క సూటిగా ఉంది. బండి ఉంటే ఎనిమిదో తరగతి. లేకపోతే ఇంట్లో మూలన కూర్చుని జీవితాంతం పరుపులకు కుట్లు వేయడం. షంషాద్ ఐలేశం సారు దగ్గరికి పోయి అడిగింది. అప్పుడు నేను షామియానా గుంజలకు కొలతలు చూసుకుంటున్నాను, చెవులారా విన్నాను.

“సార్, గా బండి నాకియ్యుండ్రి. హైస్కూల్‌కు పోత.”

“ఇయ్యక యాడ పోతం బిడ్డా? యేటేటా ఇస్తనే ఉన్నం గదా.”

“ఇచ్చి మళ్ల గుంజుకుంటున్రు గదా సార్.”

“గుంజుకునుడు గాదే పిచ్చిదానా, భద్రం జేసుడు. నీకిస్తే ఇంకోలు అడుగుతరు. గట్ల అందరికిచ్చుకుంట పోతే సంస్థ నడవాల్నా వద్దా?”

“సంస్థ మంచిగనే నడుస్తాంది సార్. నడుస్తలేంది నేను.”

సారు నవ్వి, దాని తల నిమిరి వెళ్లిపోయాడు. నాకు ఆయన ఇస్త్రీ చొక్కా మీద సున్నం డబ్బా గుమ్మరించాలనిపించింది. షంషాద్ మాత్రం ఏడవలేదు. నేల మీద కూర్చుని ఒక పుల్లతో గీతలు గీస్తూ చాలాసేపు ఆ స్టోరు గది తలుపు వైపే చూసింది. ఆ గది సాలమ్మ ఊడుస్తుంది. ఊడ్చేటప్పుడు తలుపు దగ్గరకు వేసి షంషాద్‌ను బండిలో కూర్చోబెట్టేదని, గాలి లేని టైర్ల మీదే అది ఆ మూల నుంచి ఈ మూలకు తిప్పుకునేదని తర్వాత తెలిసింది. గాలి లేని బండిని తిప్పిన చేతులవి. అంతకుముందు ఏడేళ్లు ఒంటిని ఈడ్చిన చేతులు.

సభకు రెండ్రోజుల ముందు ఊళ్లో గుప్పుమంది, ఈసారి మంత్రి వస్తున్నాడని. ఐలేశం సారు కాళ్లు నేల మీద ఆనడం లేదు. కమానుకు సున్నం, మొరం బాటకు నీళ్లు, మెట్లకు ముగ్గు. అప్పుడు షంషాద్ మళ్లీ పోయింది.

“సార్, ఒక మాట. మంత్రులు ఊకె ఫొటో దిగి ఊకోరు సార్. బండిని జర ముందటికి నూకుతరు. పేపర్ల జూసిన. మన బండ్ల టైర్లల్ల గాలి లేదు. మంత్రి నూకినంక బండి కదలకుంటే ఎట్ల సార్? నామోషీ గదా. గా నామోషీ మీ మీదికే వస్తది.”

సారు నిమిషాల మీద మనిషిని పంపి సైకిల్ షాపు కరీంను పిలిపించాడు. కరీం పంపు పట్టుకుని గుట్టెక్కాడు. టైర్లకు గాలి కొట్టాడు, చెయిన్లకు నూనె వేశాడు. షంషాద్ పక్కనే కూర్చుని అన్నీ చూసింది.

“కరీం భాయ్, గా బ్రేకు కూడ జర గట్టిగ జెయ్యి.”

“ఫొటోకు బ్రేకెందుకమ్మా?”

“ఒక్కోపారి ఫొటోలు కదుల్తయి భాయ్.”

కరీం నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. ఆయన బ్రేకు గట్టిగా బిగించాడు.

సభ రోజు గాలి దుమారం. షామియానా ఎగిరిపోతుందేమోనని గుంజలకు రాళ్లు కట్టాను. స్టేజీ అంటే ఏం లేదు, నేల మీద జంపఖానా పరిచి కుర్చీలు వేయడమే. దాని పక్కనుంచే మొరం బాట కిందికి దిగుతుంది. స్వాగత గీతం అయింది. కాటమయ్య దానగుణం మీద ఐలేశం సారు మాట్లాడాడు. ముందు వరుసలో ఉన్న ముసలివాళ్లు కాటమయ్యను ఎరిగినవాళ్లు, పాపం, తల వంచుకుని దగ్గుతూ విన్నారు. తర్వాత నేను షంషాద్ పేరు పిలిచాను.

అది పాకుతూ వచ్చింది. చిరుగు గౌను కాదు, రంజాన్‌కు కుట్టించిన పచ్చ పావడా జాకెట్టు. సారు కళ్లెర్రజేశాడు గానీ మంత్రి పక్కన ఉండగా ఏమంటాడు? మంత్రి దాన్ని ఎత్తి బండిలో కూర్చోబెట్టి దండ వేశాడు. ఫొటోలు తీశారు. ఇక “మీ దయ సార్” అనాలి.

“సార్, ఈ బండి నాకే గదా?” అంది.

మంత్రి నవ్వాడు. “నీకేనమ్మా. నీకు కాక ఇంకెవరికి?”

“జర మైకుల జెప్పుండ్రి సార్. ఎనుకున్నోళ్లకు ఇనపడలే.”

నా చెయ్యి దానంతటదే వాల్యూము మీదికి పోయింది. మొత్తం తిప్పేశాను. మంత్రి మైకు దగ్గరికి వంగి “ఈ బండి షంషాద్‌దే!” అన్నాడు. నాలుగు డబ్బాల్లోంచి ఆ మాట గుట్ట దిగి, బస్టాండు దాటి, సంత దాకా వినిపించిందట.

“మంచిది సార్. హైస్కూల్ బంద్ జేస్తరు మళ్ల. పోయొస్త” అని షంషాద్ పెడల్ తిప్పింది.

బండి జంపఖానా దాటింది. మొరం బాట ఎక్కింది. జనం ఇది కూడా కార్యక్రమంలో భాగమేమో అనుకుని చప్పట్లు మొదలుపెట్టారు. మంత్రి పొంగిపోయి “చూశారా! ఆత్మవిశ్వాసం అంటే ఇదీ!” అని తనూ కొట్టాడు. మంత్రి కొడుతుంటే ఐలేశం సారు కొట్టకుండా ఉండగలడా? నోరు తెరిచి, గుడ్లప్పగించి, తన బండి తన కళ్ల ముందే పోతుంటే తన చేతులతోనే చప్పట్లు కొట్టాడు. ఆ మొహం ఒక్కటి చాలు నాకు, ఈ జన్మకు.

అయితే నవ్వు నాకు ఎంతోసేపు నిలవలేదు. ఆ వాలు మామూలు వాలు కాదు. జీపులే గేరు మార్చుకుని దిగుతాయి. మొదటి మలుపు దగ్గర బండి ఒక పక్కకు ఒరిగింది. నేను మైకు వదిలేసి లేచి నిలబడ్డాను. తర్వాత బ్రేకు కీచుమన్న చప్పుడు వినిపించింది. దుమ్ము లేచింది. దుమ్ములోంచి ఎర్ర బండి, పచ్చ జాకెట్టు బయటపడి రోడ్డెక్కాయి. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. అయ్యో పాపం అని కాదు.

ఇక్కడ వందన సమర్పణ ఐలేశం సారుదే. మంత్రిని వదిలి వెంటపడలేడు. మైకు ముందు నిలబడి, కళ్లు రోడ్డు మీద పెట్టి, విచ్చేసిన పెద్దలందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. ఒకే పెద్దమనిషికి రెండుసార్లు చెప్పాడు. అది పూర్తయ్యేసరికి హైస్కూల్లో షంషాద్ పేరు రాసుకోవడం కూడా పూర్తయింది.

సాయంత్రం సారు స్కూటరేసుకుని తాజుద్దీన్ ఇంటికి పోయాడు. గల్లీ అంతా గుమిగూడింది.

“తాజుద్దీన్, బండి ఇయ్యి. సంస్థ ఆస్తి గది” అన్నాడు సారు.

తాజుద్దీన్ నోట్లో నాలుక లేని మనిషి. కూతురి వైపు చూశాడు. షంషాద్ గడపలో కూర్చుని ఉంది.

“మంత్రి ఇచ్చిండు సార్. ఊరంత ఇన్నది. గుంజుకోవాల్నంటే మంత్రినే వచ్చి గుంజుకొమ్మనుండ్రి.”

సారు పోలీస్ స్టేషన్‌కు పోయాడు. అక్కడ హెడ్ కానిస్టేబుల్ భిక్షం రోజంతా మంత్రి బందోబస్తు చేసి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు. తర్వాత ఆయనే నాకు చెప్పాడు.

“బండి దొంగతనం అయిందంటరు. ఎవలు తీస్కపోయిన్రు సార్?”

“షంషాద్ అనే పిల్ల.”

“మంత్రిగారు దండేసి ఇచ్చిన పిల్లనా? మరి ఇచ్చిన్రు గదా సార్?”

“అది లాంఛనంగా ఇచ్చుడయ్యా. నిజంగ ఇచ్చుడు గాదు.”

భిక్షం బూటు పక్కన పెట్టి రిజిస్టరు తెరిచాడు. “అయితే సార్, మంత్రిగారు ఇచ్చింది ఉత్తుత్తిదని రాసుకోవాల్నా? మీరు సంతకం పెడ్తరా?” అన్నాడు.

సారు సంతకం పెట్టలేదు. టీ కూడా తాగకుండా లేచి వచ్చేశాడు.

కథ ఇక్కడ ఆగిపోతే బాగుండేది. కానీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి మేడ మీద పెట్టారు. కావాలని పెట్టింది కాదు, ఎప్పుడూ అక్కడే ఉండేది. మార్చాలని ఎవరికీ తట్టలేదు, అంతే. షంషాద్ బండిని కింద వేపచెట్టుకు కట్టేసి, మెట్ల మీద పాకుతూ పైకి పోయేది, సాయంత్రం పాకుతూ దిగేది. గుట్ట మీది బడి దానికి బాగా నేర్పిన విద్య అదొక్కటే. అక్కడ ఎవరూ ఫొటో తీయలేదు, చప్పట్లు కొట్టలేదు. “గదే మంచిగనిపించేది మామా. మెల్లగ రా అనేటోడు లేడు” అంది నాతో. అది పదిలో ఉండగా తాజుద్దీన్ పోయాడు. చివరగా ఆయన కుట్టింది బండి సీటుకు ఒక చిన్న పరుపు. ఆ ప్లాస్టిక్ కవరు అప్పుడు గానీ పోలేదు.

పది పాసయ్యాక వికలాంగుల కోటాలో దానికి ఎస్టీడీ బూత్ మంజూరైంది. వెంటనే ఒక పెద్దమనిషి వచ్చి, “బూత్ నీ పేరు మీద ఉంటది, నేను నడిపిస్త, నువ్వు ఇంట్ల సల్లగ కూసో” అన్నాడు. “నేను కూసున్న కాడ్నుంచే నడిపిస్త అన్నా, నువ్వే ఇంటికి పో” అంది షంషాద్. బస్టాండు దగ్గర బూత్ పెట్టింది. బొంబాయికి వలసపోయిన వాళ్లతో మాట్లాడటానికి పల్లెటూళ్ల నుంచి వచ్చే ముసలమ్మలకు తనే నంబరు కలిపి, తనే వాళ్ల మాట గట్టిగా చెప్పేది. దాని గొంతుకు ఫోన్ కూడా అక్కర్లేదని నేనంటే నవ్వేది.

గుట్ట మీద మాత్రం వర్ధంతులు ఆగలేదు. మిగిలిన మూడు బండ్లూ ఏటా పంచుతూనే ఉన్నారు. కాకపోతే ఐలేశం సారు బుద్ధి తెచ్చుకున్నాడు. మూడింటికీ చెయిన్లు ఊడదీయించి స్టోరులో దాచాడు. నూకితే కదులుతుంది, పెడల్ తిప్పితే కదలదు. ఆ మేధస్సుకు దండం పెట్టాలి.

తొంభై ఎనిమిదిలో కొత్త నియమం వచ్చింది. గ్రాంటు ఇచ్చేవాళ్లు, మీ బడిలో చదివి పైకొచ్చిన వాళ్లెవరైనా ఉంటే చూపించండన్నారు. ఇన్నేళ్లలో పైకొచ్చింది షంషాద్ ఒక్కతే. అదీ కిందికి దిగి. సారు బూత్‌కు వచ్చి, చేతులు నలుపుకుంటూ, “ఈ యేడు ముఖ్య అతిథివి నువ్వే బిడ్డా” అన్నాడు. షంషాద్ సరేనంది. నేను మాత్రం తిట్టాను. “సిగ్గు లేదా నీకు?” అన్నాను. “నువ్వు మైకు మంచిగ పెట్టు మామా. కరీం భాయ్‌ని కూడ తోల్కరా” అంది.

సభ రోజు సాలమ్మా నేనూ దాని బండిని మొరం బాట మీద పైకి తోశాం. జిల్లా నుంచి అధికారులొచ్చారు. స్టేజీ మీద మూడు ఎర్ర బండ్లు, వాటిని అందుకోవడానికి జనం మధ్యలో ఆ ఏడు ఏడో తరగతి పాసైన పిల్ల బిక్షమ్మ, ఇంకో ఇద్దరు. బిక్షమ్మకు ఊళ్లో మేనత్త ఉంది. ఆమె ఇంట్లో ఉండి హైస్కూలుకు పోతానంటుంది. ఒంటి మీద అదే గౌను. దాని అంచుకు సాలమ్మ వేసిన గుడ్డలన్నీ నాకు గుర్తున్నాయి. నేను పేరు పిలవగానే ఆ పిల్ల పాకడం మొదలుపెట్టింది. జనం అయ్యో పాపం అన్నారు.

షంషాద్ బండి దిగింది. జరీ చీర కట్టుకున్న ముఖ్య అతిథి, అంతమంది ముందు, జంపఖానా మీద చేతులతో పాకుతూ ఆ పిల్లకు ఎదురు పోయింది. అయ్యో పాపం ఆగిపోయింది. గుట్ట మీద అంత నిశ్శబ్దం నేను కరెంటు పోయిన రోజు కూడా వినలేదు. ఇద్దరూ మధ్యలో కలుసుకున్నారు.

“గవి నడవయి. గా నాది ఎక్కు” అంది షంషాద్, తన బండి చూపించి. “మలుపు కాడ బ్రేకు గట్టిగ పట్టు. ఎనుకకు సూడకు.”

కరీం ఆ పిల్లను ఎత్తి బండిలో కూర్చోబెట్టాడు. బిక్షమ్మ పెడల్ తిప్పుకుంటూ బాట దిగిపోయింది. షంషాద్ మాత్రం అక్కడే నేల మీద కూర్చుంది. నేను మైకు కిందికి వంచి దాని నోటి ముందు పెట్టాను.

“ఐలేశం సార్, గీ మూడు బండ్ల చెయిన్లు స్టోర్ల ఉన్నయి. కరీం భాయ్ బిగిచ్చెతందుకు పానాలు తెచ్చిండు. రెండు గీ పిల్లలకు, ఒకటి నాకు. చెయిన్లు ఎక్కిందాక నేను లేవ. గీ పెద్దసార్లు కూడ లేవరు, నేను ముఖ్య అతిథిని గదా.”

అధికారులు ఒకరి మొహాలొకరు చూసుకుని, కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన “చెయిన్లు లేవా? ఎందుకు లేవు?” అని సారునే అడిగాడు. సారు జేబులోంచి స్టోరు తాళంచెవి తీసి సాలమ్మ చేతిలో పెట్టాడు. కరీం తాపీగా ఒక్కొక్క చెయిన్ ఎక్కించాడు, నూనె వేశాడు, గాలి కొట్టాడు, బ్రేకులు చూశాడు. అంతసేపూ ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. నా జీవితంలో అంత మంచి సభ ఇంకోటి జరగలేదు.

ఇద్దరు పిల్లలూ ముందు దిగారు, వెనక షంషాద్. ఎవరూ ఫొటో తీయలేదు. వందన సమర్పణకు ఐలేశం సారు మైకు దగ్గరికి వచ్చేసరికి నేను వైర్లు చుట్టేస్తున్నాను.

మరుసటి జూన్‌లో వర్ధంతికి షామియానా చెప్పడానికి ఎవరూ రాలేదు. నాలుగు రోజులు చూసి, ఉండబట్టలేక నేనే సాలమ్మను అడిగాను. “ఈ యేడు లేదు సోమన్నా. పంచెతందుకు ఏం లేదంట” అంది.